గొర్రెతోలు జీను సామగ్రి సంరక్షణ

గొర్రెతోలు జీను సామగ్రి అనగా గొర్రె చర్మాన్ని ఉన్ని ఊడదీయకుండా పదును చేసి, గుర్రపు స్వారీలో గుర్రం శరీరానికీ జీను, పట్టీలకూ మధ్య మెత్తగా ఉండేందుకు వాడే వస్తువులు. జీను క్రింద పరిచే మెత్తలు, పొట్ట పట్టీ తొడుగులు, ముక్కు పట్టీ తొడుగులు వీటిలో ముఖ్యమైనవి. ఈ వస్తువులలో ఒక వైపు ఉన్ని, మరొక వైపు తోలు ఉంటాయి. ఉన్నికి సరిపడే పద్ధతి తోలుకు సరిపడకపోవడం, తోలుకు మేలు చేసే నూనె ఉన్నిని పాడుచేయడం వలన వీటిని శుభ్రపరచడం మామూలు బట్టలను ఉతకడం వంటిది కాదు. సరిగా శుభ్రపరచని మెత్త గట్టిపడి, ముడతలు పడి, గుర్రం వీపుపై పుండ్లకు కారణమవుతుంది. ఒరుపు తగ్గించడానికి వేసిన మెత్తే ఒరుపు కలిగిస్తుంది.

వస్తువులు

జీను క్రింద వేసే మెత్తలు పలు ఆకారాలలో ఉంటాయి. జీను ఆకారానికే కత్తిరించిన మెత్తను నమ్నా అంటారు. ఇది ఇంగ్లీషు స్వారీ పరిభాషలోని పదమే అయినా భారతదేశం నుండి అక్కడికి వెళ్ళినది. ఉర్దూలో నమ్దా అంటే ఒత్తి తయారుచేసిన ఉన్ని కంబళి. దానికి మూలం పారశీకంలోని నమద్ అనే మాట. జీను పలకల క్రింద మాత్రమే ఉండే చిన్న మెత్తను హాఫ్ ప్యాడ్ అంటారు. దీని క్రింద సాధారణంగా పలుచని నూలు గుడ్డ ఒకటి వేస్తారు.

గుర్రం పొట్ట క్రిందుగా జీనును బిగించే పట్టీని గర్త్ అంటారు. ముంగాళ్ళ వెనుక చర్మం పలుచగా, ముడతలుగా ఉండటం వలన అక్కడ పట్టీ ఒరుసుకొని పుండు పడటం ఎక్కువ. అందుచేత గర్త్‌కు గొర్రెతోలు తొడుగు వేస్తారు. పందెపు గుర్రాలకు ముక్కు పట్టీపై దిండులా లావుగా చుట్టే తొడుగును షాడో రోల్ అంటారు. దాని పని మెత్తదనం కాదు. గుర్రం తన కాళ్ళ ముందు నేలపై పడే నీడలను చూసి బెదరకుండా చూపును క్రిందివైపు అడ్డగించడమే దాని ఉద్దేశం. కళ్ళెపు చెంప పట్టీలకు చుట్టే గొర్రెతోలు తొడుగులు వెనుక, ప్రక్కల చూపును కొంత తగ్గిస్తాయి.

అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల కాపరుల జీనులో అడుగుభాగమంతా గొర్రెతోలునే కుట్టి ఉంచుతారు. ఇది గుర్రం వీపుకు నేరుగా తగలదు, మధ్యలో కంబళి ఉంటుంది. జీను కంబళి మీద జారకుండా పట్టి ఉంచడం దీని పని.

చరిత్ర

నెపోలియన్ యుద్ధాల కాలంలో ఐరోపా తేలికపాటి అశ్విక దళాలు జీను పైన గొర్రెతోలు కప్పేవి. ఫ్రెంచి దళాలలో ఈ తెల్లని తోలు అంచున తోడేలు పళ్ళ ఆకారంలో కత్తిరించిన రంగు గుడ్డను కుట్టేవారు. లండనులో రాజలాంఛనాలలో పాల్గొనే రాచ అశ్విక దళంలో లైఫ్ గార్డ్స్ రౌతులకు తెల్ల గొర్రెతోలు, బ్లూస్ అండ్ రాయల్స్ రౌతులకు నల్ల గొర్రెతోలు నేటికీ కనిపిస్తాయి. ఇవి జీను పైన వేసేవి కావడం వలన వీటికి గుర్రపు చెమట కంటే వానా దుమ్మూ ఎక్కువ.

మోటారు వాహనాలు రాకముందు సైన్యాలకు గుర్రం వీపు పుండ్లు పెద్ద సమస్య. నడవగలిగినా జీను వేయడానికి వీలులేని గుర్రం అశ్విక దళానికి భారమే. బ్రిటిషు సైనిక పశువైద్యుడు ఫ్రెడరిక్ స్మిత్ 1891లో జీనులు, వీపు పుండ్లపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. జీను సరిగా అమరకపోవడం ఈ పుండ్లకు మొదటి కారణం. అమరని జీనును ఎంత మంచి మెత్తా సరిచేయలేదు. ఈ విషయం మెత్తలు కొనేవారు తరచుగా మరచిపోతారు.

తెలుగు ప్రాంతాలలో గొర్రెల పెంపకం విస్తారంగా ఉన్నా ఈ వస్తువులకు ఇక్కడి తోళ్ళు అంతగా పనికిరావు. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని కాక పొట్టి వెంట్రుకలు ఉంటాయి. దక్కనీ జాతికి ఉన్ని ఉన్నా అది ముతక. గొంగళ్ళు నేయడానికి వాడేది అదే. జీను మెత్తలకు సన్నని, దట్టమైన, వంకులు తిరిగిన ఉన్ని కావాలి. అందుకు మెరినో, దాని సంకర జాతులు ప్రసిద్ధి. హైదరాబాదులోని మలక్‌పేట పందెపు మైదానం వంటి చోట్ల పనిచేసే సైసులకు మాత్రం గొర్రెతోలు సామగ్రితో పరిచయం ఉంటుంది.

ఉన్ని, తోలుల స్వభావం

ఉన్ని కెరాటిన్ అనే ప్రోటీనుతో ఏర్పడుతుంది. దాని పోగుపై చేప పొలుసుల వంటి సూక్ష్మమైన పొలుసులు కొన వైపు తిరిగి ఉంటాయి. తడి, వేడి, కదలిక మూడూ కలిసినప్పుడు పోగులు ఒకదానిలో ఒకటి చొచ్చుకొని ముందుకే జరుగుతాయి గాని పొలుసులు అడ్డుపడి వెనుకకు రాలేవు. ఆ విధంగా ఉన్ని ఉండకట్టి గట్టి దళసరి గుడ్డలా మారుతుంది. నమ్దా తయారయ్యేది ఈ గుణం వలననే, మెత్త పాడయ్యేదీ దీని వలననే. ఒకసారి పూర్తిగా ఉండకట్టిన ఉన్నిని తిరిగి విడదీయడం సాధ్యం కాదు.

ఉన్ని తన బరువులో సుమారు మూడవ వంతు వరకు తేమను పీల్చుకున్నా చేతికి తడిగా తోచదు. స్వారీలో చెమటను పీల్చి, పోగుల మధ్యనున్న గాలి ద్వారా దానిని బయటకు పంపడం ఈ గుణం వలననే సాధ్యమవుతుంది. గుర్రపు చెమటలో ఉప్పుతో పాటు లేథరిన్ అనే ప్రోటీను ఉంటుంది. బాగా పరుగెత్తిన గుర్రం మెడపై, తొడల మధ్య తెల్లని నురగ కనిపించడానికి కారణం ఇదే. ఈ నురగ, ఉప్పు, రాలిన వెంట్రుకలు, చుండు కలిసి ఎండినప్పుడు ఉన్ని కుదుళ్ళ వద్ద పెంకులా పేరుకుంటాయి. అప్పుడు ఉన్ని లేచి నిలబడదు, గాలి ఆడదు.

తోలు వైపు ఉండేది కొల్లాజెన్ అనే మరొక ప్రోటీను. పదును చేసిన తరువాత తోలులోకి నూనెను నీటిలో కలిపి ఎక్కిస్తారు. ఈ నూనె పోగుల మధ్య చేరి అవి ఒకదానితో ఒకటి అతుక్కోకుండా కాపాడుతుంది. ఘాటైన సబ్బుతో ఉతికితే మురికితో పాటు ఈ నూనె కూడా పోతుంది. ఆరిన తరువాత తోలు అట్టలా బిరుసెక్కడానికి ఇదే ముఖ్య కారణం. వేడి వలన కలిగే హాని వేరు. పదును చేయని చర్మం నీటిలో సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. చెట్ల పట్టలతో పదును చేసినది 70 నుండి 85 డిగ్రీల వద్ద, క్రోమియం లవణాలతో పదును చేసినది 100 డిగ్రీల వరకు తట్టుకొని ఆ తరువాత ముడుచుకుంటాయి. ఈ ముడుచుకోవడం శాశ్వతం.

పదును చేసిన పద్ధతి

గొర్రెతోలును నీటిలో ఉతకవచ్చునా లేదా అన్న ప్రశ్నకు పరస్పర విరుద్ధమైన సమాధానాలు వినిపిస్తాయి. నీరు తగలనీయరాదని పాత పుస్తకాలు చెబుతాయి. యంత్రంలోనే ఉతకవచ్చునని కొత్త వస్తువుల చీటీలు చెబుతాయి. రెండూ నిజమే, ఎందుకంటే అవి వేరు వేరు తోళ్ళ గురించి చెప్పినవి.

పూర్వం తెల్లని ఉన్ని గల తోళ్ళను పటిక, ఉప్పులతో పదును చేసేవారు. పటిక కొల్లాజెన్‌తో గట్టిగా బంధం ఏర్పరచదు. నీటిలో నానబెడితే అది కరిగి బయటకు వస్తుంది, తోలు మళ్ళీ పచ్చి చర్మం వలె మారి ఎండినప్పుడు చెక్కలా తయారవుతుంది. ఇటువంటి తోలును పొడిగానే శుభ్రపరచాలి. ఇంటి వద్ద పదును చేసిన తోళ్ళు, పురాతన వస్తువులు ఎక్కువగా ఈ కోవకు చెందుతాయి.

చెట్ల పట్టలతో పదును చేయడం దక్షిణ భారతంలో బాగా తెలిసిన పద్ధతి. తంగేడు పట్ట, కరక్కాయ ఇందుకు వాడేవారు. అయితే ఇవి ఉన్నికి గోధుమ రంగు పట్టిస్తాయి గనుక తెల్లని జీను మెత్తలకు అరుదు. అమెరికాలో అగస్టస్ షుల్జ్ 1884లో క్రోమియం పద్ధతికి పేటెంటు పొందిన తరువాత, నీటిని తట్టుకొనే తోలు విరివిగా లభించడం మొదలైంది. క్రోమియం తోలు వెనుక భాగం లేత నీలి బూడిద రంగులో ఉంటుంది, పైన వేరే రంగు వేస్తే తప్ప. గ్లుటరాల్డిహైడ్‌తో పదును చేసిన తోలు చెమటను, పదే పదే ఉతకడాన్ని బాగా తట్టుకుంటుంది. దీనిలో ఉన్ని కొంచెం పసుపు ఛాయలో కనిపిస్తుంది. మంచం పట్టిన రోగులకు ఒరుపు పుండ్లు పడకుండా ఆసుపత్రులలో పరిచే గొర్రెతోళ్ళను కూడా ఈ పద్ధతిలో తయారుచేస్తారు.

వస్తువు అసలు గొర్రెతోలు కాకపోవచ్చును కూడా. ఉన్నిని వేళ్ళతో పాయ తీసి చూస్తే అడుగున చర్మం కనిపించాలి. అల్లిన గుడ్డ కనిపిస్తే అది పోగులు గుచ్చి తయారుచేసినది. రెండు పోగులను పీకి నిప్పు అంటిస్తే ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. కృత్రిమ పోగు కరిగి గట్టి పూసలా మారుతుంది.

నిత్య సంరక్షణ

ఉతకడం ఎంత తగ్గితే మెత్త అంత కాలం మన్నుతుంది. ఉతకవలసిన అవసరాన్ని తగ్గించేది రోజువారీ శుభ్రతే. జీను వేయడానికి ముందు గుర్రం వీపును బాగా తోమడం ఇందులో మొదటిది. మెత్తకు అంటే మురికిలో అధిక భాగం వీపు నుండి వచ్చేదే.

స్వారీ ముగిసిన వెంటనే మెత్తను జీను నుండి విడదీయాలి. జీను క్రిందనే వదిలితే చెమట ఇంకి జీను తోలును కూడా పాడుచేస్తుంది. ఉన్ని వైపు పైకి ఉండేలా దండెం లేదా కమ్మీపై గాలి తగిలే నీడలో ఆరవేయాలి. తడిగా ఉన్నప్పుడు బ్రష్షు చేయరాదు, పోగులు సాగి తెగిపోతాయి. పూర్తిగా ఆరిన తరువాత దులిపి, వంగిన సన్నని తీగ పళ్ళు గల బ్రష్షుతో దువ్వాలి. మొదట ఉన్ని కొనలను విడదీసి, ఆపై క్రమంగా కుదుళ్ళ వైపు పోవాలి. మొదటే కుదుళ్ళ నుండి లాగితే ఉన్ని ఊడి వస్తుంది. గుచ్చుకున్న గుర్రపు వెంట్రుకలను రబ్బరు పళ్ళ దువ్వెన బాగా తీస్తుంది. పల్లేరు కాయలు, గడ్డి ముళ్ళ వంటివి మాత్రం చేతితో వెదికి తీయవలసినవే. ఉన్నిలో దాగిన ఒక్క ముల్లు రౌతు బరువు పడినప్పుడు గుర్రం బెదిరి ఎగరడానికి చాలును.

దువ్విన తరువాత అరచేతితో మెత్త అంతటా నొక్కి చూడటం మంచి అలవాటు. గట్టిగా, పలుచగా తగిలే చోట్లు జీను బరువు ఎక్కువగా పడే చోట్లు. రెండు వైపులా ఒకే విధంగా లేకపోతే జీను అమరికను పరీక్షించాలి.

ఉతకడం

చీటీలో ఉతకవచ్చునని ఉన్నప్పుడే, లేదా పదును చేసిన పద్ధతి తెలిసినప్పుడే నీటిలో ఉతకాలి. అనుమానం ఉంటే తోలు వైపు ఒక మూల కొద్దిగా తడిపి, ఆరిన తరువాత ఆ మూల బిరుసెక్కిందేమో చూడవచ్చును.

ఉన్నికి తటస్థం నుండి కొద్దిగా ఆమ్లం వరకు గల నీరు సరిపడుతుంది. మామూలు బట్టల సబ్బు క్షార గుణం కలది. అది ఉన్ని పొలుసులను విప్పి ఉండకట్టడాన్ని పెంచుతుంది. మరకలు పోగొట్టడానికి ఎంజైములు కలిపిన బట్టల పొడులలో ప్రోటీనును విడగొట్టే ఎంజైములు ఉంటాయి. ఉన్ని, తోలు రెండూ ప్రోటీనులే కాబట్టి వీటిని వాడరాదు. బ్లీచింగు ద్రావణం ఉన్నిని కరిగించివేస్తుంది. బట్టలను మెత్తపరచే ద్రవాలు పోగులపై పూతలా నిలిచి చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. గొర్రెతోలుకై ప్రత్యేకంగా తయారుచేసిన, ఉన్నికొవ్వు కలిపిన ద్రవాలు అన్నిటికంటే ఉత్తమం. అవి దొరకనప్పుడు ఉన్ని బట్టలకు వాడే సాత్వికమైన ద్రవం వాడవచ్చును. తెలుగునాట పట్టు, ఉన్ని బట్టలకు వాడే కుంకుడుకాయ పులుసు కూడా క్షారం లేనిదే. కాని అది తెల్లని ఉన్నికి కొద్దిగా రంగు పట్టించవచ్చును, తోలులో పోయిన నూనెను తిరిగి ఇవ్వదు.

ముందుగా మెత్తను పొడిగా దులిపి, దువ్వి, ఎండిన మట్టిని తొలగించాలి. నీటి వేడి 30 డిగ్రీలు మించరాదు, అన్ని విడతల నీరూ ఒకే వేడిలో ఉండాలి. వెడల్పాటి తొట్టిలో ద్రవం కలిపి, మెత్తను ముంచి, ఉన్నిని వేళ్ళతో ఒత్తుతూ మురికిని బయటకు రానివ్వాలి. రుద్దడం, బండకేసి బాదడం, పిండి మెలితిప్పడం పనికిరావు. గంటల తరబడి నానబెట్టడం వలన లాభం లేకపోగా కుట్లు, అంచు గుడ్డలు వదులవుతాయి. కుదుళ్ళ వద్ద చెమట పెంకు కట్టి ఉంటే ఒకే పూట గట్టిగా ఉతకడం కంటే రెండు విడతలుగా మెల్లగా ఉతకడం మేలు.

జాడించడం చాలా ముఖ్యం, అశ్రద్ధ జరిగేదీ ఇక్కడే. ఉన్నిలో మిగిలిన సబ్బు తదుపరి స్వారీలో చెమటతో కలిసి గుర్రం చర్మానికి నేరుగా తగులుతుంది. వీపుపై దద్దుర్లు, వెంట్రుకలు రాలడం కనిపించినప్పుడు మెత్త మురికిని అనుమానిస్తారే గాని, అతిగా ఉతకడాన్ని ఎవరూ అనుమానించరు. నీరు తేటగా, నురగ లేకుండా వచ్చే వరకు జాడించాలి. ఉన్ని బట్టల పద్ధతి గల యంత్రమైతే దానిలోనూ ఉతకవచ్చును, కట్టులు, కొక్కేలు గల వస్తువును దిండు గలీబులో వేయాలి.

ఆరబెట్టడం

మెత్తలు ఎక్కువగా పాడయ్యేది ఉతికేటప్పుడు కాదు, ఆరబెట్టేటప్పుడు. నీటిని ఒత్తి తీసి, మందపాటి తువాలు మధ్య చుట్టి మరికొంత తేమను లాగివేయాలి. తరువాత మెత్తను దాని అసలు ఆకారానికి, ముఖ్యంగా నడిమి వెన్ను గీతకు రెండు వైపులా సమానంగా సరిదిద్ది, నీడలో గాలి తగిలే చోట పరచాలి. గుండ్రని పీపా లేక జీను దిమ్మపై వేస్తే వీపు వంపు నిలుస్తుంది.

పొయ్యి, హీటరు, వేడి గాలి యంత్రం, మే నెల ఎండ ఏవీ పనికిరావు. ఎండలోని అతినీల లోహిత కిరణాలు ఉన్నిని పసుపు పచ్చగా, పెళుసుగా చేస్తాయి. తోలు వైపు త్వరగా ఆరి ముడుచుకుంటే ఉన్ని వైపు ఉబ్బెత్తు గీతలు ఏర్పడతాయి. జీను క్రింద ఆ గీత గుర్రం వెన్నెముక ప్రక్కనే పడుతుంది.

మెత్త సగం ఆరినప్పటి నుండి గంటకొకసారి తోలును చేతులతో అన్ని వైపులకు మెల్లగా లాగుతూ ఉండాలి. పోగులు అతుక్కోకముందే కదిలించడం దీని ఉద్దేశం. పదును చేసేవారు కార్ఖానాలో చేసేదీ ఇదే. పూర్తిగా ఆరిన తరువాత ఉన్నిని దువ్వి నిలబెట్టాలి. తోలు వైపు గుడ్డతో కప్పి లేకపోతే, బిరుసుగా తోచిన చోట తోలు మర్దన లేపనం అతి పలుచగా రాయవచ్చును. ఆ నూనె ఉన్నికి అంటితే దుమ్మును పట్టి జిడ్డు గడ్డలు కడుతుంది. జీను తోలుకు వాడే సబ్బు, పశువుల గిట్టల నూనె కూడా ఉన్ని వైపు తగలరాదు.

జీనుకు కుట్టిన గొర్రెతోలు

పశువుల కాపరుల జీనుల అడుగున కుట్టిన తోలును విడదీయడం కుదరదు. జీనును తిరగవేసి, పొడి బ్రష్షుతో దువ్వి, మిగిలిన మురికిని పిండిన స్పాంజితో అద్ది తీస్తారు. లోపల ఉండే చెక్క చట్రానికి నీరు చేరనీయరాదు. ఉన్ని అరిగి తోలు బయటపడినప్పుడు జీను పనివారి చేత కొత్త తోలు వేయించడమే మార్గం. ఈ జీనులలో కృత్రిమ ఉన్ని వాడకం కూడా ఇప్పుడు సాధారణం.

చర్మవ్యాధులు

గుర్రాలకు వచ్చే తామర శిలీంధ్రం వలన కలుగుతుంది. ఇది జీను సామగ్రి, బ్రష్షుల ద్వారా ఒక గుర్రం నుండి మరొక దానికి, తాకిన మనుషులకు కూడా వ్యాపిస్తుంది. శిలీంధ్ర బీజాలు రాలిన వెంట్రుకలలో నెలల తరబడి జీవించగలవు. ఉన్ని లోతుల్లోకి మందు చేరడం కష్టం, ఉన్ని తట్టుకోగల చల్లని నీరు బీజాలను చంపదు, చంపగల బ్లీచింగు ఉన్నిని మిగల్చదు. ఎనిల్‌కొనజోల్ వంటి శిలీంధ్ర నాశకాలను పశువైద్యుని సలహాతో వాడుతారు. వ్యాధి సోకిన గుర్రానికి వాడిన పాత మెత్తను పారవేయడమే పలువురు అనుసరించే మార్గం. ధర ఎక్కువైనా, ఒక్కొక్క గుర్రానికి వేరు వేరుగా మెత్త ఉంచడం ఇందుకే. మెత్తలను కలిపి వాడవలసిన స్వారీ పాఠశాలలలో క్రింద వేసే నూలు గుడ్డనైనా గుర్రానికి ఒకటి చొప్పున కేటాయించి వేడి నీటిలో ఉతకడం కొంత రక్షణ.

నిల్వ చేయడం, పురుగులు

శుభ్రపరచి, పూర్తిగా ఆరిన మెత్తనే దాచాలి. చెమట, చుండు ఉన్న ఉన్ని పురుగులకు మరింత ఇష్టం. బట్టల చిమ్మట పురుగు లార్వాలు, తివాచీ పెంకుపురుగు లార్వాలు కెరాటిన్‌ను జీర్ణం చేసుకోగల కొద్ది జీవులలోనివి. అవి ఉన్నిని కుదుళ్ళ వద్ద కొరుకుతాయి గనుక పైకి ఏమీ కనిపించదు. దువ్విన రోజున ఉన్ని కుచ్చులుగా ఊడి వస్తుంది.

గాలి ఆడే నూలు సంచిలో, మడత పెట్టకుండా పరచి లేదా వ్రేలాడదీసి ఉంచడం ఉత్తమం. ప్లాస్టిక్ సంచిలో మిగిలిన తేమ బూజుగా మారుతుంది. గాలిలో తేమ 65–70 శాతం దాటిన చోట బూజు పట్టే అవకాశం ఉంది. కోస్తా ఆంధ్రలో వానాకాలమంతా ఇదే పరిస్థితి కాబట్టి అక్కడ వారానికొకసారి తీసి గాలికి ఆరవేయడం అవసరం. నాఫ్తలీను ఉండలు పురుగులను చంపగలవు గాని ఆ ఆవిరి మనుషులకు, జంతువులకు కూడా హానికరం. వాటితో దాచిన మెత్తను వాసన పూర్తిగా పోయే వరకు గాలికి ఉంచిన తరువాతే గుర్రంపై వేయాలి. పురుగు పట్టిన మెత్తను సంచిలో గట్టిగా మూసి, సున్నాకు దిగువన 18 డిగ్రీల శీతలంలో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా నశిస్తాయి. సంగ్రహాలయాలు ఉన్ని వస్తువులకు వాడే పద్ధతి ఇదే. బయటకు తీసిన తరువాత సంచి పైన చేరిన చెమ్మ పూర్తిగా ఆరే వరకు దానిని విప్పరాదు.